తనకు తెలియదని ఒప్పుకొన్న వైద్యుడు : ఆర్చీ కాక్రేన్ జీవితము



ఈసారి మేము వ్రాయబోయే మనిషి మిషనెరీ కాదు, బోధకుడు కాదు. తనకు మతవిశ్వాసము లేదని దాచకుండా చెప్పుకొన్న ఒక స్కాట్లాండు వైద్యుడు. అయినా ఆయన కథ మన సంఘములలో చెప్పుకొనదగినదని మాకు తోచింది. ఎందుకో తెలియాలంటే మీ చొక్కా చేయి పైకి మడిచి ఎడమ భుజము చూసుకోండి. చాలామందికి అక్కడ గుండ్రని చిన్న మచ్చ ఉంటుంది. క్షయ రాకుండా చిన్ననాడు వేసిన బి.సి.జి. టీకా మచ్చ అది. మనలో తెల్లకార్డువారు, పచ్చకార్డువారు, తమిళనాట పుట్టినవారు, ఒరిస్సాలో పెరిగినవారు అనే భేదము లేదు, అందరికీ అదే మచ్చ. ఆ టీకా నిజముగా పనిచేస్తుందా? ఎవరిని అడిగితే తెలుస్తుంది? పెద్ద డాక్టరు గారు చెప్పారంటే చాలునా? ఈ ప్రశ్నను ఎలా అడగాలో లోకానికి నేర్పినవారిలో ఆర్చీ కాక్రేన్ ముఖ్యుడు.

పూర్తి పేరు ఆర్చిబాల్డ్ లీమన్ కాక్రేన్. 1909 జనవరి 12న స్కాట్లాండులోని గాలషీల్స్ అనే ఊరిలో పుట్టారు. అది ఉన్ని బట్టల మిల్లుల ఊరు, కాక్రేన్‌ల కుటుంబమువారు కూడా ఆ వ్యాపారములోనే బాగుపడినవారు. మొదటి ప్రపంచ యుద్ధములో, 1917లో, గాజా దగ్గర జరిగిన పోరాటములో తండ్రి చనిపోయాడు. అప్పటికి పిల్లవానికి ఎనిమిదేండ్లు. చదువులో చురుకు గనుక స్కాలర్‌షిప్పుల మీద పైకి వచ్చి, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరి, 1930లో మొదటి తరగతిలో ప్యాసయ్యారు. తాతగారి ఆస్తిలో వాటా వచ్చింది గనుక బ్రతుకుతెరువు చింత లేదు.

అయితే శరీరములో ఒక బాధ ఉండేది. డాక్టర్లకు అది అంతుపట్టలేదు, మనసులోని బాధ అన్నారు. అందుచేత ఫ్రాయిడ్ శిష్యుడైన థియొడోర్ రైక్ వద్ద మనోవిశ్లేషణ చేయించుకొనుటకు బెర్లిన్ వెళ్లారు. రైక్ యూదుడు. హిట్లరు భయముతో ఆయన బెర్లిన్ విడిచి వియన్నాకు, తరువాత హాలండులోని హేగ్ పట్టణానికి వెళ్తుంటే ఈయన వెంట వెళ్లారు. మూడేండ్ల తరువాత రోగము ఉన్నచోటనే ఉన్నది. మిగిలినవి మూడు: మంచి జర్మన్ భాష, హిట్లరు మార్గము మీద అసహ్యము, ఋజువు చూపని సిద్ధాంతముల మీద అనుమానము. ఆ రోగము పార్ఫీరియా అనే వంశపారంపర్యపు జబ్బు అని చాలా ఏండ్ల తరువాత తేలింది. అది తేలిన పిదప ఆయన ఊరుకొనలేదు. దేశదేశాలలోని తన బంధువులందరినీ వెదకి పట్టుకొని, మలమూత్రముల నమూనాలు పంపమని అడిగి, ఎవరెవరికి ఆ జబ్బు ఉన్నదో లెక్క తీశారు. చుట్టాలను పెండ్లికి పిలువడమే కష్టమైన ఈ లోకములో ఇది మాటలు కాదు!

1934లో లండన్‌లో వైద్యవిద్యలో చేరారు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధము లేచినప్పుడు చదువు ఆపి, గాయపడినవారిని మోసే అంబులెన్సు దళములో చేరి అక్కడికి వెళ్లారు. ఏడాది పనిచేసి తిరిగి వచ్చి 1938లో డాక్టరు అయ్యారు. ఆ రోజులలోనే లండన్ వీధులలో జరిగిన ఒక ఊరేగింపులో ఆయన తన సొంత అట్ట ఒకటి పట్టుకొని నడిచారు. పని చేసే వైద్యమంతా ఉచితముగా ఇవ్వాలి అని దాని భావము. ఉచితముగా ఇవ్వాలి అన్నవారు చాలామంది ఉన్నారు. పని చేసేది అనే మాట ముందు చేర్చినవాడు ఆయన. ఆ అట్టను ఆ రోజు ఎవరూ పట్టించుకొనలేదు.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చింది. కాక్రేన్ సైనిక వైద్యుడుగా క్రేతు ద్వీపములో ఉండగా 1941లో జర్మనీవారికి చెరపట్టబడ్డారు. అక్కడనుండి గ్రీసు దేశములోని సలోనిక పట్టణపు యుద్ధఖైదీల శిబిరానికి తీసికొనిపోయారు. క్రేతు అంటే తీతు పత్రికలోని క్రేతు. సలోనిక అంటే మన బైబిలులోని థెస్సలొనీకయే. పౌలు రెండు పత్రికలు వ్రాసిన ఆ పట్టణములో ఈ వైద్యుని జీవితము మలుపు తిరిగింది.

శిబిరములో సుమారు 20,000 మంది ఖైదీలు. వారిలో నాలుగవ వంతు బ్రిటిషువారు. కొంతకాలము వారందరికీ ఈయన ఒక్కరే డాక్టరు. రోజుకు ఒక్కొక్కరికి దక్కే తిండి సుమారు 600 కేలరీలు, అంటే పని చేసే మనిషికి కావలసినదానిలో నాలుగవ వంతు. అందరికీ విరేచనములు. దానికి తోడు టైఫాయిడ్, డిఫ్తీరియా, పచ్చకామెర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. చేతిలో ఉన్న మందులు కొంచెం ఆస్పిరిన్, కడుపు మంటకు పొడి, చర్మానికి పూసే మందు, ఇంతే. ఉన్న బలమంతా పరిచర్య చేసే యువకులు. వారిలో ఎక్కువమంది క్వేకరు సంఘపు అంబులెన్సు దళమువారు, యుద్ధము చేయము గాని గాయపడినవారిని మోస్తాము అని వచ్చినవారు.

ఒక్క డిఫ్తీరియాతోనే వందలమంది చనిపోతారని కాక్రేన్ భయపడ్డారు. చివరికి ఎందరు చనిపోయారో తెలుసా? నలుగురు. ఆ నలుగురిలో ముగ్గురు జర్మన్ కావలివారి తుపాకి దెబ్బలకు పోయినవారు. మరొక డాక్టరు అయితే ఇది నా చేతి చలువ అని చెప్పుకొని ఉండేవాడు. తన వైద్యానికీ వారు బ్రతుకుటకూ ఏమీ సంబంధము లేదనీ, మనిషి శరీరానికి తానుగా కోలుకొనే శక్తి తాము అనుకొన్నదానికంటె ఎంతో ఎక్కువ అనీ కాక్రేన్ వ్రాసుకొన్నారు. ఇంకా డాక్టర్లను పంపమని అడిగితే, డాక్టర్లు అనవసరము అని జర్మన్ వైద్యాధికారి కసిరాడు. అప్పుడు మండిపడిన కాక్రేన్ తరువాతి కాలములో ఆ మాట నిజమేనని ఒప్పుకొన్నారు. అతడు క్రూరుడో జ్ఞానియో మాత్రము తేల్చుకొనలేకపోయారు.

అంతలో కొత్త బాధ వచ్చింది. ఖైదీల కాళ్లకు నీరు పట్టడము మొదలయింది. వేలు పెట్టి నొక్కితే గుంట పడే వాపు మోకాళ్ల పైదాకా ఎక్కేది. అటువంటివారు 300 మందికి మించారు. కాక్రేన్ కాళ్లూ వాచాయి. ఇది విటమిను లోపముతో వచ్చే బెరిబెరి కావచ్చునని ఆయనకు తోచింది. తోచడము వేరు, తెలియడము వేరు. ఆయనకు అప్పుడు జేమ్స్ లిండ్ జ్ఞాపకమొచ్చాడు. 1747లో ఓడలో స్కర్వీ రోగము పట్టిన పన్నెండుగురు నావికులను జతలు జతలుగా విడదీసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందు ఇచ్చి, నారింజలూ నిమ్మకాయలూ తిన్న జత లేచి నిలబడిందని చూపిన స్కాట్లాండు వైద్యుడు ఆయన. ఆయన 1753లో వ్రాసిన గ్రంథములో మరొక విశేషము ఉన్నది. ఆ రోగము గూర్చి అంతకు ముందు ఎవరెవరు ఏమేమి వ్రాశారో అన్నీ సేకరించి తూచి చూసి మరీ వ్రాశాడు.

కాక్రేన్ దొంగబజారులో కొంచెం ఈస్ట్ సంపాదించారు. రొట్టెల పిండిని పొంగించే ఈస్టే, దానిలో బి విటమిను ఉంటుంది. నీరు పట్టిన యువకులను ఇరవైమందిని ఎంచి వరుసగా అంకెలు ఇచ్చారు. బేసి అంకెలవారు ఒక గదిలో, సరి అంకెలవారు మరొక గదిలో. ఒక గదివారికి రోజుకు మూడుసార్లు ఈస్ట్. రెండవ గదివారికి ఒక్క విటమిన్ సి మాత్ర. ఎంత మూత్రము పోయుచున్నారో కొలుద్దామంటే బాల్చీలు చాలవు. అందుచేత ఎన్నిసార్లు లేచి వెళ్లారో లెక్కపెట్టారు. రెండు రోజులు తేడా లేదు. మూడవ రోజు కొంచెం తేడా కనబడింది. నాలుగవ రోజు ఈస్ట్ గదిలో పదిమందిలో ఎనిమిదిమంది తేరుకొన్నారు, రెండవ గదిలో ఎవరికీ నెమ్మది లేదు. ఆ లెక్క కాగితము పట్టుకొని జర్మన్ అధికారుల ముందుకు వెళ్లారు. ఇలాగే వదిలితే ఈ మనుష్యులు చస్తారు, ఇదిగో ఋజువు, అన్నది ఆయన వాదము. వారు గెంటివేస్తారనుకొన్నారు. మరునాడే ఈస్ట్ వచ్చింది. తరువాత తిండి కూడా కొంచెము పెరిగింది.

ఇక్కడ మేము ఒక్క మాట చెప్పాలి. ఈ కథ ఇంతటితో ఆపితే వినసొంపుగా ఉంటుంది. కాని కాక్రేన్ తానే దానిని ఆపనివ్వలేదు. 1984లో ఆ సంగతి వ్రాస్తూ, అది తాను చేసిన మొదటి పరీక్ష, మిక్కిలి చెడ్డ పరీక్ష, మిక్కిలి సఫలమైన పరీక్ష అని పేరు పెట్టారు. ఇరవైమంది చాలరు, నాలుగు రోజులు చాలవు, కొలత సరిగా లేదు. ఈస్ట్ ఎందుకు పనిచేసిందో కూడా తాను అనుకొన్న కారణము సరియైనది కాకపోవచ్చును అన్నారు. తనకు కీర్తి తెచ్చిన పనిలో తప్పులు తానే ఎంచి చూపే మనుష్యులు మనకు ఎందరు తెలుసు?

సలోనిక తరువాత ఆయనను జర్మనీకి తీసికొనిపోయారు. ఎల్స్‌టర్‌హార్స్ట్ అనేచోట క్షయ పట్టిన ఖైదీల ఆసుపత్రి ఉండేది. ఆ కాలమునకు క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి తిండి, రొమ్ములోకి సూదితో గాలి ఎక్కించి ఊపిరితిత్తిని అణచి ఉంచడము, ఇవే వైద్యము. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరములోనూ మద్రాసు దగ్గరి తాంబరములోనూ ఆ కాలమున జరిగినదీ అదే. మన పెద్దలలో కొందరు ఆ వార్డుల పడకల మీద నెలల తరబడి ఉండి వచ్చినవారే. కాక్రేన్ రోజూ ఆ గాలి సూదులు వేసేవారు. ఎవరికి వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి? ఆయనకు తెలియదు. పుస్తకాలు వ్రాసిన పెద్దలకూ తెలియదని ఆయనకు మెల్లగా అర్థమయింది. తన చేతి మీదుగా కొందరి ప్రాణము నిలిచి ఉండవచ్చును, కొందరి ప్రాణము పోయి ఉండవచ్చును. ఎవరిది ఏదో చెప్పలేడు. ఈ తలంపు ఆయనను నిద్రపోనివ్వలేదు. వైద్యునికి తన ఇష్టము చొప్పున వైద్యము చేసే స్వాతంత్ర్యము ఉండాలి అని బ్రిటిషు డాక్టర్లు గొప్పగా చెప్పుకొనే కరపత్రమొకటి ఆ చెరలో ఆయనకు చేరింది. ఆ స్వాతంత్ర్యము తనకు కావలసినంత ఉన్నది, లేనిది ఋజువు మాత్రమే అని ఆయనకు తోచింది.

అక్కడే మరొకటి జరిగింది. ఒక రాత్రి జర్మన్లు ఒక రష్యా యువకుని తెచ్చి పడవేసి వెళ్లారు. రెండు ఊపిరితిత్తులూ పుండ్లు పడి చివరి గడియలలో ఉన్నాడు, అరుస్తున్నాడు. వార్డు నిండిపోయి ఉంది, అరుపులకు అందరూ మేల్కొంటారని కాక్రేన్ అతనిని తన సొంత గదిలో పడుకోబెట్టారు. ఊపిరితిత్తి పొర రాపిడి వలన నొప్పి అనుకొన్నారు. మార్ఫియా లేదు. ఆస్పిరిన్ ఇస్తే ఏమీ తగ్గలేదు. రష్యా భాష రాదు. ఏమీ తోచక మంచము మీద కూర్చుండి అతనిని చేతులలోకి తీసికొన్నారు. అరుపులు ఆగిపోయాయి. కొన్ని గంటల తరువాత ఆ యువకుడు ఆయన చేతులలోనే నెమ్మదిగా కన్నుమూశాడు. ఆ అరుపులు ఒంటరితనము వలన గాని రొమ్ము నొప్పి వలన కాదని కాక్రేన్‌కు అప్పుడు తెలిసింది. తన రోగనిర్ణయము తప్పినందుకు సిగ్గుపడి చాలా ఏండ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట. లెక్కల మనిషి గనుక కరకు మనిషి అని కొందరు ఆయనను అనేవారు. అట్లు అనువారికి ఈ రాత్రి సంగతి తెలియదు.

యుద్ధము ముగిసి లండన్ చేరిన తరువాత ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ గారి పాఠములు విన్నారు. హిల్ వైద్యుడు కాదు, గణాంకములు తెలిసినవాడు, యౌవనములో క్షయతో మంచము పట్టి లేచినవాడు. కాక్రేన్ చెరలో వెదకిన దారి హిల్ చేతిలో అప్పటికే సిద్ధముగా ఉంది. స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త సూదిమందు అమెరికానుండి కొంచెమే దొరికింది, అందరికీ చాలదు. అయితే ఎవరికి ఇవ్వాలో డాక్టరు ఇష్టానికి వదలక, మూసిన కవర్లలో ముందుగానే చీటీలు వేసి పెట్టారు. చీటీ ఎటు చెబితే రోగి అటు. 1948లో ఫలితము అచ్చయింది. మందు పొందిన 55 మందిలో ఆరు నెలలలో చనిపోయినవారు నలుగురు. విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది. ఇక వాదించుటకు ఏమీ మిగలలేదు. డాక్టరు చేతితో ఎంచితే బలహీనులను ఒక ప్రక్కకూ బలవంతులను ఒక ప్రక్కకూ తెలియకుండానే నెట్టుతాడు. చీటీకి ఆ పక్షపాతము లేదు.

ఆ దారిలో నడిచిన మరొక పరీక్ష మన ఇంటి ప్రక్కనే జరిగింది. దానిలో కాక్రేన్ చేయి లేదు గాని చెప్పకుండా ఉండలేము. 1956లో మద్రాసులో మొదలుపెట్టి 193 మంది బీద క్షయరోగులను చీటీలు వేసి రెండుగా విడదీశారు. సగము మంది శానటోరియములో మంచి తిండి, పడక, మందులు. సగము మంది ఇరుకు ఇండ్లలోనే ఉండి, చాలని తిండి తింటూ అవే మందులు. 1959లో తేలినదేమనగా, ఇంటివారు ఇంచుమించు శానటోరియమువారితో సమానముగా బాగయ్యారు. ఇంటిలోని పిల్లలకు, పెద్దలకు రోగము అంటుకొనుటలో కూడా ఎక్కువ లేదు. దాని తరువాతనే లోకమంతటా శానటోరియములు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. తల్లిని ఏడాది పాటు బిడ్డలకు దూరము చేయనక్కరలేదని నేర్పినది మద్రాసు పేటలలోని ఆ ఇరుకు ఇండ్లే.

కాక్రేన్ 1948లో వేల్స్ దేశానికి వెళ్లి బొగ్గు గనుల కార్మికుల ఊపిరితిత్తుల రోగము మీద పని మొదలుపెట్టారు. కోలారు బంగారు గనులలో తాతలు పనిచేసిన కుటుంబములకు ఈ దుమ్ము రోగము గూర్చి మేము చెప్పనక్కరలేదు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తి కొందరిలో మరింత బిగిసి చచ్చుబడుటకు క్షయ క్రిములే కారణమని అప్పటి పెద్దల నమ్మకము. నిజమో కాదో చూచుటకు ఆయన రొండ్డా ఫాక్ అనే లోయలో ఇల్లిల్లూ తిరిగి, ఇంచుమించు పెద్దవారందరికీ ఎక్స్‌రే తీయించారు. రానివారి కోసము మరల మరల వెళ్లేవారు. పదిమందిలో తొమ్మిదిమంది వచ్చారు గదా అని సంతృప్తిపడేవారు కాదు, రాని ఆ పదవవాడే ఎక్కువ జబ్బుతో ఉండవచ్చును అనేవారు. ఇన్నేండ్ల శ్రమ తరువాత క్షయ గూర్చిన ఆ ఊహకు ఋజువు దొరకలేదు. దొరకలేదనే ప్రకటించారు. ఆ లోయ ప్రజలతో ఆయనకు బ్రతికినంతకాలము స్నేహము నిలిచింది. 1960లో కార్డిఫ్‌లో క్షయ, ఊపిరితిత్తుల రోగముల ప్రొఫెసరు అయ్యారు.

ఆయన కొంటెతనము గూర్చి ఒక సంగతి. గుండెపోటు వచ్చినవారిని ఆసుపత్రిలోని ప్రత్యేక వార్డులో ఉంచడము మేలా, ఇంటిలో ఉంచడము మేలా అని ఒక పరీక్ష జరుగుతుండగా మొదటి లెక్కలు వచ్చాయి. తేడా చాలా స్వల్పము, అదీ ఇంటివైపే మొగ్గింది. కాక్రేన్ రెండు కాగితములు తయారుచేయించారు. ఒకదానిలో అంకెలు తారుమారు చేయించి ఆసుపత్రి మేలైనట్టు చూపారు. మొదట ఆ తప్పుడు కాగితము గుండె డాక్టర్లకు ఇచ్చారు. వారు లేచి, ఇంటిలో ఉంచడము అధర్మము, ఈ పరీక్ష వెంటనే ఆపాలి అని కేకలు వేశారు. అప్పుడాయన క్షమించమని చెప్పి అసలు కాగితము చేతికిచ్చి, అయితే ఆసుపత్రి వార్డులు వెంటనే మూసేద్దామా అని అడిగారు. గదిలో చప్పుడు లేదు.

1972లో ఆయన చిన్న పుస్తకమొకటి వచ్చింది. ఏ వైద్యము పనిచేస్తుంది, పనిచేసేదానిని వ్యర్థము లేకుండా ఎట్లు అందించాలి అన్నవే దానిలోని రెండు ప్రశ్నలు. చాలా భాషలలోకి వెళ్లింది. 1979లో మరొక వ్యాసములో ఆయన వేసిన నింద ఇంకా పదునైనది. చీటీలు వేసి చేసిన పరీక్షలు లోకములో ఎన్నో ఉన్నాయి. కాని ఒక్కొక్క రోగము గూర్చి ఉన్న పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి, తూచి, కొత్తవి వచ్చినప్పుడెల్లా సవరించి పెట్టినవారు లేరు, ఇది వైద్యులందరికీ సిగ్గుచేటు అన్నారు. ప్రసూతి వైద్యులు అన్నిటికంటె వెనుకబడ్డారని వారికి చెక్క గరిటె బహుమానముగా ప్రకటించారు. చివరి స్థానమువానికి ఇచ్చే వెక్కిరింపు బహుమతి అది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇయాన్ చాల్మర్స్ అనే ప్రసూతి వైద్యుడు ఆ మాటను మనసుకు తీసికొని, సహచరులతో కూడి గర్భము, ప్రసవము గూర్చిన పరీక్షలన్నీ ఏరుటకు ఏండ్లు వెచ్చించారు. ఆ పని చూసి కాక్రేన్ ఆ గరిటెను వెనుకకు తీసికొన్నారు.

1988 జూన్ 18న ఆయన కన్నుమూశారు. పెండ్లి చేసికొనలేదు. తన మరణవార్త తానే వ్రాసి పెట్టుకొని వెళ్లారు. అందులో తన పొగత్రాగుడునూ, వంశపు రోగమునూ, భార్యా విశ్వాసమూ లేకపోవుటనూ దాచలేదు. మరుసటి సంవత్సరము ఆయన జీవితకథ అచ్చయింది.

1992లో చాల్మర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కేంద్రము తెరిచి దానికి కాక్రేన్ పేరు పెట్టారు. 1993లో అది దేశదేశాల సంస్థ అయింది. 1994లో అంటురోగముల కొరకు లివర్‌పూల్‌లో ఒక బృందము ఏర్పడింది. మలేరియా, క్షయ, విరేచనముల మీద లోకములో జరిగిన పరీక్షలన్నిటినీ ఏరి తూచడము దాని పని. దోమతెరలకు మందు పట్టించి వాడితే పిల్లల మరణములు ఆరింట ఒక వంతు తగ్గుతాయని తేల్చినది ఆ బృందములోని సమీక్షలలో ఒకటే.

ఇక మన భుజము మీద మచ్చ దగ్గరకు వద్దాము. 1994లోనే, కాక్రేన్ సంస్థ కాదు గాని ఆ పద్ధతిలోనే, అమెరికాలోని హార్వర్డ్ పండితులు బి.సి.జి. పరీక్షలన్నిటినీ కలిపి చూశారు. అందులో ఇంగ్లండు బడిపిల్లల పరీక్ష ఉంది: టీకా పొందిన సుమారు 13,600 మందిలో 62 మందికి క్షయ, పొందని సుమారు 12,900 మందిలో 248 మందికి. అద్భుతము! అందులో మన మదనపల్లె పరీక్ష కూడా ఉంది. ఆరోగ్యవరము మిషను శానటోరియముకు చెందిన ఫ్రిమొట్-మొల్లర్ గారు 1950లో మొదలుపెట్టినది: టీకా పొందిన 5,069 మందిలో 33, పొందని 5,808 మందిలో 47. మేలు ఉంది, కాని కొంచెమే. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో మొదలుపెట్టిన పరీక్ష అన్నిటికంటె పెద్దది: రెండు ప్రక్కలా సుమారు 88,000 మంది చొప్పున లెక్క. టీకా పొందినవారిలో 505, పొందనివారిలో 499. అంటే పెద్దవారి ఊపిరితిత్తుల క్షయకు అడ్డు పడలేదు.

ఇంగ్లండు పరీక్ష ఒక్కటే చదివినవాడు టీకాను ఆకాశానికెత్తుతాడు. చెంగల్పట్టు ఒక్కటే చదివినవాడు చెత్తబుట్టలో వేయమంటాడు. అన్నీ ఒకచోట పెట్టి చూసినప్పుడు సగటున సగము రోగము తగ్గుతున్నదనీ, భూమధ్యరేఖకు దూరమైనకొద్దీ మేలు ఎక్కువనీ కనబడింది. మనవంటి వేడి దేశములలో మట్టిలో, నీటిలో క్షయ క్రిమికి చుట్టరికమున్న క్రిములు ఉండి టీకా పనిని కప్పివేస్తాయేమో అని ఒక వివరణ ఉంది. చిన్నపిల్లల మెదడుకు పట్టే క్షయను మాత్రము ఆ టీకా బాగా అడ్డుతుందని వేరే సమీక్షలు చూపాయి. అందుకే పుట్టిన బిడ్డకు ఇప్పటికీ వేస్తున్నారు. పెద్దవారము మచ్చ ఉన్నదిలే అని రెండు వారములకు మించిన దగ్గును నిర్లక్ష్యము చేయకూడదన్నదీ ఈ అంకెలలోనే ఉంది.

సమీక్ష చెప్పినది అందరికీ రుచించదు. క్షయ మందును రోజూ ఒకరి కళ్లెదుట మింగాలి అనే పద్ధతి 1990లలో లోకమంతటా పాకింది. మన కూలివారు ఎందరో ఆ మాత్రల కోసము కేంద్రానికి వెళ్లి పూటకూలి పోగొట్టుకొన్నవారే. లివర్‌పూల్ బృందము పరీక్షలన్నీ ఏరి చూస్తే, ఇంటి దగ్గర తానే మింగినదానికంటె ఎదుట మింగించినందున చెప్పుకొనదగినంత మేలు కనబడలేదు. 2015 కూర్పు నాటికి 11 పరీక్షలు, 5,662 మంది రోగులు. ఆ పద్ధతిని నమ్మి నడిపినవారు కోపపడ్డారు, ఆ వాదము చాలాకాలము నడిచింది. కాక్రేన్ బ్రతికి ఉంటే ఆ గదిలో ఒక మూల కూర్చుని సిగరెట్టు వెలిగించి ఆనందించి ఉండేవారని మా ఊహ.

దక్షిణాసియా కొరకు ఈ పని చేయు కేంద్రము వేలూరులో, మన పెద్దలు ఎందరో ఎడ్లబండ్లలోను రైళ్లలోను వైద్యమునకు వెళ్లిన ఆ క్రైస్తవ వైద్య కళాశాలలోనే ఏర్పడింది. 2007లో భారత వైద్య పరిశోధనా మండలి డబ్బు కట్టి, ఈ దేశములో ఉన్నవారెవరైనా ఆ సమీక్షలను రుసుము లేకుండా చదువుకొనే ఏర్పాటు చేసింది.